రిటైరయ్యాక బొమ్మలు, కథలు: పన్నెండేళ్ల అనుభవంతో ఒక సమాధానం

వరంగల్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. విద్యుత్ సంస్థలో లైన్ ఇన్‌స్పెక్టర్, 60 ఏళ్లు, వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. స్కూల్లో బొమ్మలు బాగా వేసేవారట, కాలేజీలో కవితలు రాశారట. ఉద్యోగంలో చేరాక రెండూ అటకెక్కాయి. ఇప్పుడు మొదలుపెడితే వస్తాయా, రెండింట్లో ఒకటే ఎంచుకోవాలా, కోర్సులో చేరాలా, చెయ్యి కాస్త వణుకుతోంది ఏం చేయాలి, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు" అంటున్న ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. వస్తాయి. రెండూ చేయవచ్చు. డిగ్రీలు, డిప్లొమాలు అక్కర్లేదు కానీ తప్పు చూపించే మనిషి ఒకరు కావాలి. మొదటి రెండేళ్లు మీరు వేసేవి, రాసేవి మీకే నచ్చవు, దానికి సిద్ధపడండి. అన్నిటికంటే ముఖ్యం: ఇరవై ఏళ్ల వయసులో ఎక్కడ ఆపేశారో అక్కడి నుంచి అందుకోవాలని చూడకండి. ఇప్పుడు మీరున్న చోటు నుంచే మొదలుపెట్టండి.

ఈ చివరి మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

నేను తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేశాను, ఎక్కువ భాగం గోదావరి జిల్లాల్లోనే. 57వ ఏట బొమ్మలు మొదలుపెట్టాను. రాత ఇంకో రెండేళ్ల తర్వాత. ఇప్పుడు నాకు 69. చిన్నప్పుడు క్యాలెండర్ మీది రాధాకృష్ణుల్ని చూసి వేస్తే మా మాస్టారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు మనసులో అలా ఉండిపోయింది. అందుకని 57 ఏళ్లప్పుడు కూర్చుని మళ్లీ అవే వేశాను. రాధాకృష్ణులు, కొబ్బరిచెట్ల వెనక సూర్యాస్తమయం, కడవ పట్టుకున్న అమ్మాయి. రెండేళ్లలో నూటికి పైగా వేసి ఉంటాను. గీత కుదిరింది, రంగు కుదిరింది. కానీ వాటిలో ఏ ఒక్కటీ నాది అనిపించలేదు. ఎవరు వేసినా అలాగే ఉంటాయి.

ఒకరోజు ఏమీ తోచక, ఆఫీసులో నా బల్ల మీద ఉండే లక్క సీలు గుర్తు తెచ్చుకుని గీశాను. ఇత్తడి బిళ్ల, దానికో కొయ్య పిడి. ఆ పిడి మీద బొటనవేలు ఆనే చోట కొయ్య నునుపెక్కి, రంగు మారి, కొద్దిగా గుంట పడి ఉండేది. నాకంటే ముందు ఎంతమంది వేళ్లు ఆనితే ఆ గుంట పడిందో! దాన్ని చూసి గీయాల్సిన అవసరమే లేకపోయింది, చేతికే తెలుసు. మా వీధిలో ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు, నాకు తప్పులు చూపించింది ఆయనే. ఆ కాగితం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. "ఇది మాత్రం దాచమ్మా" అన్నారు. అంతకుముందు వేసిన వాటిలో ఒక్కదాన్ని కూడా దాచమనలేదు.

రాత కూడా అలాగే వచ్చింది. పాత మనియార్డరు ఫారానికి కింద ఒక ముక్క ఉండేది, డబ్బుతో పాటు నాలుగు మాటలు రాసి పంపడానికి. చదువు రానివాళ్లు కౌంటర్ దగ్గరే "కాస్త రాసిపెట్టమ్మా" అనేవారు. ఒకావిడ ప్రతినెలా మొదటి వారంలో వచ్చేది, హాస్టల్లో చదువుకుంటున్న కొడుక్కి డబ్బు పంపడానికి. ఆవిడ చెప్పేది ఐదు నిమిషాలు. అక్కడ ఉన్న చోటు నాలుగు లైన్లు. ఒకసారి వానల్లో, "గోడ కూలిందని రాయకమ్మా, గేదె ఈనిందని రాయి" అంది. నేను అలాగే రాశాను. ముప్పై ఏళ్లు ఆ మాట నాలో ఉండిపోయింది. అచ్చులో చూసుకున్న నా మొదటి కథ అదే. 61 ఏళ్ల వయసులో ఒక ఆదివారం సంచికలో అచ్చయింది. కథ ఎలా రాయాలో ఎవరూ నాకు నేర్పలేదనుకునేదాన్ని. కౌంటర్ దగ్గర కూర్చుని, ఐదు నిమిషాల మాటని నాలుగు లైన్లకు తగ్గించి, ఏది చెప్పాలో ఏది దాచాలో ఆ తల్లి దగ్గరే నేర్చుకున్నానని ఆ కథ రాశాక తెలిసింది.

మీ సంగతికి వస్తాను. మీరు 30 ఏళ్లకు పైగా కరెంటు స్తంభాల మధ్య తిరిగారు. లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కేటప్పుడు పాదం ఎక్కడ ఆనిస్తాడో, తాడు ఎలా బిగిస్తాడో మీకు తెలుసు. గాలివాన వెలిసిన రాత్రి ఊరంతా చీకట్లో ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టార్చిలైటు వెలుగులో నిలబడ్డ జనం ముఖాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పింగాణీ ఇన్సులేటర్ మీద వాన చుక్క ఎలా నిలుస్తుందో చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వేయి స్తంభాల గుడిని వేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. మీరు కూడా వేయండి, తప్పులేదు. కానీ మీ స్తంభాలు వేరే ఉన్నాయి, వాటిని వేయగలిగింది మీరే.

మా ఇంట్లో ఆదివారాలు పది, పన్నెండు మంది కలిసి కూర్చుంటాం, అందరం 55 దాటినవాళ్లమే. అందులో ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆరు నెలలు చిలకలు, హంసలు వేశారు. ఒకరోజు ఆయన్ని టికెట్ల ట్రే గీయమన్నాను. రంగురంగుల టికెట్ కట్టలు, పంచింగ్ మిషను, చంకలో తోలుసంచి, చెవి సందున పెన్ను. అది అయ్యాక ఆగలేదు. ఫుట్‌బోర్డు మీది మనుషులు, మూట మీద చెయ్యి వేసి నిద్రపోయే ముసలమ్మ, పూలబుట్ట ఒడిలో పెట్టుకున్న ఆవిడ. మూట పట్టుకునే తీరుని బట్టి ఏ ఊళ్లో దిగుతారో చెప్పగలిగేవాడినని అంటారాయన. ఇప్పుడు ఆయన పుస్తకం తెరిస్తే మేమందరం చుట్టూ చేరతాం.

ఇప్పుడు మొదలుపెడితే వస్తాయా అని అడిగారు కాబట్టి ముగ్గురిని తలుచుకుంటాను. ముగ్గురిదీ మూడు రకాల దారి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో పుట్టారు. బొమ్మల్లోకి గట్టిగా దిగింది అరవై దాటాకే. 1924 ప్రాంతంలో కవితల రాతప్రతిలో కొట్టివేతల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే అవి పక్షులు, జంతువులు, ముఖాలు అయ్యాయి. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగింది. మొత్తం మీద రెండు వేలకు పైగా వేశారు. మీరు రాత, బొమ్మ రెండూ అంటున్నారు కదా, ఈ కొట్టివేతల పద్ధతి ప్రయత్నించండి. రాసిన పేజీలో వద్దనుకున్న మాటల్ని కొట్టేసి వదలకుండా ఆ గీతల్ని సాగదీయండి. చెయ్యి భయం పోగొట్టడానికి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

రెండో ఆవిడ జోధయ్యా బాయి బైగా. మధ్యప్రదేశ్‌లోని ఉమరియా జిల్లా, బైగా గిరిజన తెగ. కూలిపని చేసుకుని బతికిన మనిషి, దాదాపు 70 ఏళ్ల వయసులో కుంచె పట్టారు. తన అడవి, తన పులి, తన ఇప్పచెట్టు, తన దేవుళ్లు, ఇవే వేశారు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బిరుదు కంటే నాకు ముఖ్యం అనిపించేది ఆవిడ ఏం వేయాలో వెతుక్కోలేదన్నది. అంతా ఆవిడ దగ్గరే ఉంది.

మూడోది మన కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు. ఆయన ముందునుంచీ పెద్ద రచయితే, ఆలస్యంగా మొదలుపెట్టిన మనిషి కాదు. కానీ 1997లో, 72 ఏళ్ల వయసులో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని ఆ వయసులో ఊరూరూ తిరిగారు. సృజన అంటే మనం రాయడం ఒక్కటే కాదు, ఇతరులు రాసింది నిలబెట్టడం కూడా అని నాకు ఆయన్ని చూశాకే అర్థమైంది. కథానిలయం కథలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా చదువుకోవచ్చు. రాయాలనుకునేవాళ్లు రోజుకో కథ చదవండి.

బొమ్మలకు ఏం కొనాలి. తక్కువ కొనండి. రిటైర్‌మెంట్ డబ్బు చేతికి రాగానే ఈజిల్, నలభై ఎనిమిది రంగుల పెట్టె, ఖరీదైన కుంచెలు కొనేసి, అవి పాడవుతాయన్న భయంతో ముట్టుకోనివాళ్లను చూశాను. మొదటి మూడు నెలలు 2బి, 4బి పెన్సిళ్లు, అరచేతిలో పట్టే స్కెచ్ పుస్తకం, అంతే. ఆ తర్వాత నీటిరంగులు. కుంచెలు రెండు చాలు, 6 నంబరు ఒకటి, 10 నంబరు ఒకటి. కాగితం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పల్చటి డ్రాయింగ్ కాగితం మీద నీళ్లు పడితే ఉబ్బి అలలు అలలుగా లేస్తుంది. అది మన చేతకానితనం అనుకుని నేను ఏడాది బాధపడ్డాను. 300 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత) కాగితం మీద వేస్తే ఆ బాధ చాలావరకు ఉండదు. పెద్ద షీటు కొని నాలుగు ముక్కలు చేసుకోండి, ఖర్చు తగ్గుతుంది.

రంగులు ఐదారు చాలు. అల్ట్రామెరీన్ నీలం, బర్ంట్ సియెన్నా అనే ఎర్రమట్టి లాంటి గోధుమరంగు, ఈ రెండూ కలిపితే వచ్చే బూడిదరంగు ఉంది చూడండి, ఆషాఢంలో గోదావరి మీది మబ్బు అచ్చం అదే. నీలం కాస్త ఎక్కువైతే వాన వచ్చే మబ్బు, సియెన్నా ఎక్కువైతే వరద నీళ్లు. నల్లరంగు ట్యూబు కొనకపోయినా నడుస్తుంది. మీకు మీ చెరువుల మీద ఇదే పనికొస్తుంది.

గురువు విషయం. మీ ఊళ్లో డ్రాయింగ్ టీచరుగా చేసినవాళ్లు, సైన్‌బోర్డులు చేత్తో రాసిన పాతకాలం ఆర్టిస్టులు ఎవరో ఒకరు ఉంటారు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిలో పని లేక ఇంట్లో ఉన్నవాళ్లు చాలామంది. వాళ్ల చేతికి ఉన్న గీత యూట్యూబ్‌లో దొరకదు. వారానికి ఒకసారి వెళ్లి, కూర్చుని, మీ కాగితాలు చూపించండి. ఫీజు ఇవ్వండి, ఊరికే చెప్పించుకోకండి. రాజమండ్రి వస్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తప్పకుండా వెళ్లండి. ఆయన 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా, నాకు ఇన్ని ఏళ్లు దొరికాయి కదా అనిపించి, ఇంటికొచ్చి పనిలో కూర్చుంటాను.

చెయ్యి వణుకు, కళ్లు. వణుకు కొత్తగా వచ్చిందంటే ముందు డాక్టరుకు చూపించండి. వయసు మీద పడింది కదా అని వదిలేయకండి. మా ఆదివారం గుంపులో ఇద్దరికి వణుకు ఉంది. వాళ్లు కనిపెట్టిన ఉపాయాలివి: మణికట్టుతో కాకుండా భుజంతో గీయడం, కాగితం పెద్దది తీసుకోవడం, మోచెయ్యి బల్లకు ఆనించడం, సన్నని పెన్ను బదులు కుంచె వాడటం. కుంచె గీతలో వణుకు చెట్టు కొమ్మలో, ముసలివాళ్ల ముఖంలో కలిసిపోయి ఇంకా బాగుంటుంది.

కళ్ల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. 64వ ఏట కుడికంటికి శుక్లం తీశారు. ఎడమకన్ను ఇంకా కాలేదు. ఇంటికొచ్చి మా ఆయన తెల్ల చొక్కాని ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశాను. ఎడమకంటికి టీ మరక పడ్డట్టు పసుపుగా, కుడికంటికి నీలి మందు పెట్టినట్టు తెల్లగా. అంతవరకు ఆ తేడా నాకు తెలియనే తెలియదు. అంతకుముందు రెండేళ్లలో గుర్తుమీద వేసిన ఆకాశాలన్నీ తీసి చూస్తే, నీలం మరీ దట్టంగా ఉంది. కంటికి అందని నీలాన్ని చేత్తో పూడ్చుకున్నానన్నమాట. రంగులు ఈమధ్య మసగ్గా అనిపిస్తే రంగుల కంపెనీని అనుమానించే ముందు కళ్ల పరీక్ష చేయించుకోండి. రాత్రిపూట రంగు వేయకండి. పొద్దున వెలుతురులో బొమ్మ, రాత్రి రాత, ఇలా పంచుకుంటే రెండూ నడుస్తాయి. అడివి బాపిరాజు గారు నవలలూ రాశారు, బొమ్మలూ వేశారు. ఒకటి రెండోదానికి అడ్డం కాదు. కథలో ఒక గది సరిగ్గా రాకపోతే నేను ఆ గదిని గీస్తాను. కిటికీ ఏ వైపు ఉందో తెలిశాక వాక్యం దానంతటదే వస్తుంది.

రాత. కవితలు రాసేవాణ్ణని అన్నారు. మళ్లీ కవితలే రాస్తే కాలేజీ నాటి మాటలే దొర్లుతాయి, కాబట్టి ఏడాది పాటు వచనం రాయండి. రోజుకో పేజీ. ఆత్మకథ జోలికి అప్పుడే పోకండి. "నేను ఫలానా సంవత్సరం ఫలానా ఊళ్లో పుట్టాను" అని మొదలుపెట్టినవాళ్లు సగంమంది రాతలో హైస్కూలు రోజులు దాటలేదు. ఒక రోజు, ఒక మనిషి, ఒక మాట, అంతవరకే తీసుకోండి. ఫలానా తుపాను రాత్రి. ఫలానా లైన్‌మ్యాన్ భార్య ఆఫీసుకు వచ్చిన రోజు. పెద్ద పెద్ద మాటలు వద్దు. ఓరుగల్లు యాసలో మీ అమ్మగారు ఎలా అనేవారో అలాగే రాయండి. దాన్ని పుస్తకాల భాషలోకి మారిస్తే ప్రాణం పోతుంది.

టైపింగ్ రాదని ఆగకండి. ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి. తప్పులు వస్తాయి, కామాలు ఉండవు, తర్వాత కూర్చుని దిద్దుకోవాలి. నేను మాత్రం ముందు చేత్తో రాసి, ఆ తర్వాత చదివి ఫోన్‌కు వినిపిస్తాను. బయటికి చదివినప్పుడే ఏ వాక్యం కుంటుతుందో తెలుస్తుంది. పత్రికకు పంపేటప్పుడు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా సరిగ్గా కనపడే అక్షరాల్లో, పంపండి. ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం, అనుకరణ కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచేయండి. ఒకే కథని ఒకేసారి నాలుగు చోట్లకు పంపకండి. 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికల్లో మంచి కథలు వస్తున్నాయి, ముందు చదివి, వాళ్లకు ఎలాంటివి కావాలో చూసి పంపండి. తిరిగి వస్తే నెల రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదవండి. నావి మొదటి ఏడు కథలు తిరిగొచ్చాయి. వాటిలో రెండు తర్వాత తిరగరాస్తే అచ్చయ్యాయి, మిగతావి నిజంగానే బాగాలేవు.

పుస్తకం, సన్మానం. ఈ రెండింటి దగ్గర రిటైరైనవాళ్లు బాగా డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే గట్టిగా చెప్తున్నాను. మా గుంపులో ఒకావిడకు ఫోన్ వచ్చింది, మీకు జాతీయ పురస్కారం ప్రకటించాం, రిజిస్ట్రేషన్‌కు ఇంత కట్టండి అని. అప్పటికి ఆవిడ కథలు రెండే అచ్చయ్యాయి. కట్టింది. శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో వచ్చాయి. ఆ తర్వాత ఆవిడ ఏడాది రాయలేదు, ఆ బిరుదు వెనక ఏమీ లేదని ఆవిడకే తెలుసు కాబట్టి. డబ్బు అడిగే అవార్డు తీసుకోకండి.

పుస్తకం వేయాలంటే తొందరపడకండి. నేను తొందరపడ్డాను. 63వ ఏట, పన్నెండు కథలు ఉన్నాయి కదా అని ఐదు వందల కాపీలు వేయించాను. ప్రూఫు నేనే చూసుకున్నాను. మనం రాసింది మన కంటికి తప్పుగా కనపడదు. అచ్చయి వచ్చాక మొదటి పేజీలోనే రెండు తప్పులు. మూడు వందల కాపీలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. ప్రూఫు ఇంకొకరి చేత చదివించండి, వంద కాపీలతో మొదలుపెట్టండి. ఐఎస్‌బీఎన్ నంబరుకు, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకు, ఎవరైనా డబ్బు అడిగితే ఒక మాట గుర్తుంచుకోండి, మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అవకాశం ఉంటే స్కెచ్ పుస్తకం సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని ఆ నెలల్లో నేను టెక్సాస్‌లో మా అమ్మాయి వంటింటి కిటికీలోంచి కనిపించే ఒకే ఒక్క చెట్టుని నలభైసార్లు వేశాను. ఆకులు రాలడం మొదలైన దగ్గర్నుంచి మోడు అయ్యేదాకా.

ఇంట్లోవాళ్ల మాట. మీ శ్రీమతిగారు "ఎందుకు" అన్నారంటే అందులో కోపం కంటే భయం ఎక్కువ ఉండవచ్చు. ఇన్నేళ్లూ మీరు డ్యూటీ మీద బయటే ఉన్నారు, రిటైరయ్యాకైనా ఇంటి పట్టున ఉంటారనుకుంటే మళ్లీ ఇంకో పనిలో మునిగిపోతారేమో అని. ఆవిడతో వాదించకండి. పొద్దున్న ఒక గంట మాత్రం మీది అని చెప్పండి, ఆ గంట అయ్యాక లేవండి. డైనింగ్ టేబుల్ మీద పరవకండి, అన్నం వేళకు అన్నీ సర్దాల్సి వస్తే నాలుగో రోజు మానేస్తారు. వరండాలో ఒక మూల, ఒక చిన్న బల్ల, ఎప్పుడూ తెరిచి ఉండే పుస్తకం. ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ఇంకా గట్టిగా చెప్తాను. మగవాళ్లకు రిటైర్‌మెంట్ ఉంటుంది, మనకు వంటింటి నుంచి ఉండదు. ఆ గంట ఎవరూ ఇవ్వరు, మనమే తీసుకోవాలి. నేను తెల్లవారి నాలుగున్నరకు లేస్తాను.

ఇంకొక్క పని. వేసిన ప్రతి బొమ్మ కిందా, రాసిన ప్రతి పేజీ పైనా తేదీ వేయండి. నాకిది ఉద్యోగంలో వచ్చిన అలవాటు, పొద్దున్నే తేదీ ముద్ర మార్చి, తెల్లకాగితం మీద ఒకసారి కొట్టి చూసుకున్నాకే కౌంటర్ తెరిచేవాళ్లం. బాగాలేదని ఏదీ చింపేయకండి, ఒక పాత ట్రంకు పెట్టెలో వేయండి. ఏడాది తర్వాత వచ్చే అదే తేదీన తీసి చూసుకోండి. వీలైతే అప్పుడు మళ్లీ నాకు రాయండి, ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. చూడాలని ఉంది.